ఆగ్నేయపు గాలి

లిండ్సే ట్రెజైజ్ బల్ల మీద పెట్టిన గుండ్రటి లెక్కల బిళ్ళను చూడగానే ఎవరిల్ పాస్కో మొహం ముడుచుకుంది. చార్టర్స్ టవర్స్ విమానాల మ్యూజియంలో పాత సరుకు నిగ్గు తేల్చేది ఆవిడే. పాతికేళ్ళు విమానం నడిపిన మనిషి. కిందటి నెలే ఎవడో కొత్త బ్యాడ్జీని టీ నీళ్ళలో నానబెట్టి, యుద్ధం నాటిదని తెచ్చాడు.

“మా నాన్నదండీ. నలభై మూడులో బాంబర్‌కి దారి లెక్కలు కట్టేవాడు. ఆయన పెట్టే చోటే పెన్సిల్ గుర్తు కూడా ఉంది,” అన్నాడు లిండ్సే.

దాంతో ఆవిడ అనుమానం ఇంకా పెరిగింది. తిప్పి చూసింది. నల్లబడిన ఇత్తడి మేకు, వెనక వైమానిక దళం ముద్ర, అరిగిన అంకెలు. వస్తువు అసలుదే. గాలి లెక్క కట్టే గరుకు పలక మీద చుక్క మాత్రం నిన్న పెట్టినట్టుంది.

“ఇది వేలితో రుద్దితే పోయేది. యాభై ఏళ్ళు నిలిచిందని నా చెవిలో పువ్వులు పెట్టకు. ఎవరు పెట్టారు?”

అతని చెవులు ఎర్రబడ్డాయి.

“నేనే. నాన్న నేర్పినట్టే పెట్టాను. పోర్ట్ మోర్స్‌బీ నుంచి దక్షిణంగా కెయిర్న్స్‌కి వస్తూ నాన్నవాళ్ళు మబ్బుల్లో దారి తప్పారు. రెండొందల మైళ్ళు పడమరగా చిత్తడి నేలలో దిగారు. వైర్‌లెస్ చూసే రే అనే కుర్రాడు అక్కడే పోయాడు. గాలి తప్పు చెప్పాడని వాతావరణం ఆఫీసరు మీద నాన్న ఫిర్యాదు రాశాడు. పోయేదాకా ఆదివారం ఆదివారం ఈ లెక్క కట్టుకున్నాడు. ఎప్పుడూ అదే జవాబు.”

“గాలి ఎటు నుంచన్నాడు ఆ ఆఫీసరు?”

“ఆగ్నేయం నుంచి, పాతిక నాట్ల వేగంతో.”

ఎవరిల్ బిళ్ళ తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది. పెన్సిల్ తీసి, పాత చుక్కకు సరిగ్గా ఎదురుగా ఇంకో చుక్క పెట్టింది.

“గాలి ఎటు నుంచి వస్తుందో అటు పెట్టాలి దీని మీద. మీ నాన్న అది పోయే వైపు పెట్టాడు. విమానం ముక్కు తొమ్మిది డిగ్రీలు ఎడమకి తిప్పాల్సింది, కుడికి తిప్పించాడు. ఆఫీసరు చెప్పింది సరైందే.”

లిండ్సేకి అప్పుడు అర్థమైంది. అన్నేళ్ళూ వాళ్ళ నాన్న అదే తప్పు చేసి, లెక్క సరిపోయిందనుకున్నాడు.

“నిన్ను అబద్ధాలకోరువనుకున్నాను. ఏమనుకోకు,” అంది ఆవిడ మెత్తగా. “దీని పక్కన పెట్టే కార్డు మీద మీ నాన్న పేరు, సంవత్సరం రాస్తే చాలు.”

అతను బిళ్ళను ఆవిడ వైపు జరిపాడు.

“కాదండీ, మొత్తం రాయండి. ఆ ఆఫీసరు ఇంకా బతికే ఉన్నాడేమో, ముందు అతని ఆచూకీ కనుక్కోవాలి.”