కిందికి మోసిన పూరీలు

కార్గిల్ యుద్ధం చేసొచ్చి, ఖరగ్‌పూర్ రైల్వే కాలనీ ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో టిఫిన్ హోటల్ పెట్టిన జగ్గారావు, ప్లేటులో ఏదైనా వదిలితే ఊరుకోడు. టోటో రిక్షావాళ్ల దగ్గర్నుంచి వర్క్‌షాపు ఫోర్‌మన్ దాకా ఆయన చేత చీవాట్లు తిన్నవాళ్లే. స్కూలుకి కొత్తగా వచ్చిన వాసంతి టీచరుకి ఆ సంగతి తెలీదు.

ఆవిడ పూరీ తింటూ, కార్గిల్ దివస్‌కి పిల్లల ముందు మాట్లాడమని అడిగింది. ఏటేటా ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. జగ్గారావుకి వినే ఓపిక కూడా అయిపోయింది.

“శత్రువుల్ని ఎంతమందిని చంపారో చెబితే పిల్లలకి హుషారుగా ఉంటుందండీ.”

“నానెవుల్నీ సంపనేదమ్మా. పటాలంలో వంటోడిని. పూరీలు ఏసినాను.”

టీచరు ముఖం చిన్నబోయింది. “సరేనండీ, ఇంకెవరినైనా చూస్తాం,” అంటూ రెండు పూరీలు వదిలేసి లేచింది.

“కూకో! తినేసి ఎల్లు!”

ఆ అరుపుకి హోటలంతా తలెత్తింది.

“కడుపు నిండిందండీ. మీకేమిటి నష్టం?”

జగ్గారావు ఎదురు బల్ల మీద కూలబడ్డాడు. గొంతులో కోపం దిగిపోయింది.

“ఆవేళ పద్దెనిమిది మందికి పూరీలు కట్టుకుని కొండెక్కినాను, తల్లీ. తినడానికి నలుగురే మిగిలినారు. ఆ మిగతా పూరీలు మళ్లీ నానే కిందికి మోసినాను. ఎక్కినప్పుడు అంత బరువు నేదు.”

వాసంతి కూర్చుంది. చల్లారిపోయిన పూరీని తుంచి నోట్లో పెట్టుకుంది.

ప్లేటు ఖాళీ అయ్యేదాకా జగ్గారావు అక్కణ్ణుంచి లేవలేదు.