ఓడిపోవడానికి ఇద్దరు అభ్యర్థులు

మా లిఫ్టు ఆగిపోయి పదకొండు రోజులైంది. మేముండేది ఏడో అంతస్తు. సూరత్‌లో ఫ్లాటు కొనేటప్పుడు తాపీ నది గాలి వస్తుందని పై అంతస్తు తీసుకున్నాం. గాలి వస్తున్న మాట నిజమే. పైకి చేరేసరికి దాన్ని పీల్చుకునే ఓపిక మాత్రం మిగలడం లేదు. పాల ప్యాకెట్టుతో నాలుగో అంతస్తు దాకా ఎక్కాక, కొత్తిమీర మర్చిపోయారని ఫోను వస్తుంది. నేను రెండు కిలోలు తగ్గాను. మా ఆవిడ పద్మిని తగ్గలేదు, ఎందుకంటే ఆవిడ దిగడం మానేసింది.

లిఫ్టు జబ్బు చిన్నదేనట. మెకానిక్ సామాను కూడా తెచ్చి వాచ్‌మన్ గదిలో పెట్టి వెళ్ళాడు. కాగితం మీద సొసైటీ ప్రెసిడెంటు సంతకం, స్టాంపు పడితే గంటలో నడుస్తుందన్నాడు. మాకు ప్రెసిడెంటు లేడు. అదీ అసలు జబ్బు.

మొన్నటిదాకా ఉన్నాయన ధనసుఖ్‌భాయ్. తొమ్మిదేళ్ళు చేశాడు. ఒకరోజు పొద్దున్నే రబ్బరు స్టాంపుని రుమాల్లో చుట్టి వాచ్‌మన్ చేతికిచ్చి, రాజీనామా గోడకి అంటించి, చెరకు తోట చూసుకుంటానని బార్డోలీ బస్సెక్కాడు. ఇప్పుడు ఫోను చేస్తే సిగ్నల్ లేదంటున్నాడు. చాలా స్పష్టంగా వినపడుతోంది, లేదనడం.

మా బిల్డింగులో ఇరవై ఎనిమిది ఫ్లాట్లు, దాదాపు అన్నీ మనవాళ్ళవే. మొదట కొన్నాయన, పోపు ఘాటుకి పక్కింటి గుజరాతీలు ఏమనుకుంటారోనని పక్క ఫ్లాటు ఇంకో తెలుగాయన చేత కొనిపించాడు. ఆయనకీ అదే భయం పట్టుకుంది. అలా బిల్డింగు నిండింది.

కొత్త ప్రెసిడెంటు ఎవరని బిల్డింగు వాట్సాప్ గ్రూపులో అడిగితే, రెండో అంతస్తు భానుప్రకాశ్ గారు, "కమలాకర్ గారి లాంటివాళ్ళు ముందుకు రావాలి" అని రాశారు. భానుప్రకాశ్ గారు హజీరాలో పెద్ద ప్లాంటు మేనేజరు. వెంటనే మూడో అంతస్తు కమలాకర్ వాయిస్ మెసేజి పెట్టాడు: "సార్ ఉండంగ మేమెంత. సారే ఉండాలె." అతను సిరిసిల్ల వైపు నుంచి వచ్చి, వడోద్‌లో సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, కూలికి నేసి, ఇప్పుడు సొంతంగా ఇరవై నడుపుతున్నాడు. మిగతా అందరం రెండు మెసేజీలకీ సమానంగా దండాలు పెట్టాం. నామినేషన్లు ముగిశాయి.

సరిగ్గా అప్పుడే అమెరికా ప్రెసిడెంటు డిబేట్ వచ్చింది. మనకి పొద్దున పూట కాబట్టి, నేను ఉప్మా తింటూ చూశాను. ఇద్దరు పెద్దవాళ్ళు ఆ కుర్చీ నాకు కావాలంటే నాకు కావాలని గంటన్నర సేపు కొట్టుకున్నారు. ఒకరు మాట్లాడుతుంటే రెండోవారి మైకు మూసేశారు. మా ఆఫీసు క్యాంటీన్‌లో ఆ రోజంతా అదే చర్చ. "ఒకరి ముఖం మీద ఒకరు అలా అనేసుకుంటారా? ఒక దేశం సంస్కారం ఇక్కడే తెలిసిపోతుంది" అన్నాడు మా సీనియర్ ఒకాయన. ఆ పొద్దున్నే ఆయన కారుకి బండి అడ్డం పెట్టిన పక్కింటాయన్ని మూడు భాషల్లో తిట్టి వచ్చాడు. కాకపోతే పక్కింటాయన వెళ్ళిపోయాక.

నాకు మాత్రం ఆ డిబేట్‌లో ఒకటే నచ్చింది. మధ్యలో కూర్చుని ప్రశ్నలు అడిగేవాళ్ళని ఎవరూ ప్రెసిడెంటుగా ఉండమని అడగరు. ఇరవై ఎనిమిది ఫ్లాట్లలో అంతకంటే క్షేమమైన చోటు లేదనిపించింది. మనమూ డిబేట్ పెడదాం, నేను నిర్వహిస్తానని గ్రూపులో రాశాను. నా సేవాభావానికి ముప్ఫై దండాలు వచ్చాయి.

కమలాకర్ నన్ను మెట్ల మీద పట్టుకున్నాడు. "మురళన్నా, గీ డిబేటు ఎందుకే? సార్‌నే పెట్టుండ్రి, అయిపాయె."

"అలా కుదరదు. పద్ధతి ప్రకారం పోవాలి."

"ఓడిపోతే ఇడిసిపెడ్తరు గదా?"

"తప్పకుండా."

అతని ముఖం వెలిగింది. భానుప్రకాశ్ గారు కూడా విడిగా ఫోను చేసి, "ఓడిపోయినవాళ్ళని కమిటీలో గట్రా వేయరు కదండీ?" అని కనుక్కున్నారు.

ఆదివారం పది గంటలకి కింద పార్కింగులో డిబేట్. రెండు నీలం డ్రమ్ములు బోర్లించి వాటి వెనక అభ్యర్థుల్ని నిలబెట్టాం. నవరాత్రి గర్బాకి వాడే మైకు సెట్టు పెట్టాం. సూరత్ వాళ్ళ టిఫిను లోచో తెప్పిస్తున్నామని ముందే చెప్పడం వల్ల జనం బాగా వచ్చారు. పద్మిని కూడా లిఫ్టు ఆగాక మొదటిసారి దిగి, మొదటి అంతస్తు సుభాషిణి గారి పక్కన కూర్చుంది.

మొదటి ప్రశ్న నీళ్ళ మోటారు గురించి. రెండు నిమిషాలు.

"మోటారు ఎక్కడుందో కూడా నాకు తెలీదండీ. ఆరేళ్ళ నుంచి ఉంటున్నాను" అన్నారు భానుప్రకాశ్ గారు గర్వంగా. "కమలాకర్ గారయితే చప్పుడు విని జబ్బు చెప్పేస్తారు."

"అయ్యో, గంత మాటనకుండ్రి సార్" అని అవతలి డ్రమ్ము దగ్గర్నుంచి గొంతు. అతని మైకు మూశాను. అమెరికాలో తిట్టుకోకుండా మూస్తారు. మేము పొగుడుకోకుండా మూయాల్సి వచ్చింది.

తన వంతు రాగానే కమలాకర్, "సాంచెల చప్పుడుకు నా చెవులు పోయినయి. మా ఇంటామె పిల్చినా ఇనవడది" అన్నాడు. "సార్ గంత పెద్ద ప్లాంటు నడుపుతడు. గీ మోటరొక లెక్కనా?"

అతని భార్య కరుణ కుర్చీలోంచే అంది. "ఇనవడక గాదు. ఇనవడనట్టు జేస్తడు."

జనం చప్పట్లు కొట్టారు. భానుప్రకాశ్ గారికి తను వెనకబడ్డట్టు అర్థమైంది. తనకి కోపం ఎక్కువని, ఒకసారి కాలింగ్ బెల్లు కొట్టాడని కొరియరాయన మీద చెప్పు విసిరానని ఒప్పుకున్నారు. కమలాకర్ తనకి మతిమరుపని, ఓసారి కరుణని బార్డోలీ బస్టాండులో మర్చిపోయి ఇంటికొచ్చి స్నానం కూడా చేశానని చెప్పాడు.

"మర్శిపోలే" అంది కరుణ. "సీటు దొర్కిందని ఎక్కిండు."

చివరికి భానుప్రకాశ్ గారు తెగించి, "నేను గెలిస్తే ఇంటికి ఒక్కటే బండండీ. రెండోది రోడ్డు మీదే" అన్నారు.

రెండేసి బళ్ళున్నవాళ్ళంతా వెనక్కి తిరిగి తమ బళ్ళ వైపు చూసుకున్నారు. ఓటమి ఆయన చేతికందినట్టే అనిపించింది. కానీ సుభాషిణి గారు కళ్ళు తుడుచుకున్నారు. "ఎంత నిజాయితీ అండీ. ఆ అమెరికావాళ్ళు తమ తప్పు ఒక్కటైనా ఒప్పుకున్నారా?"

అందరికీ గుండె నిండింది. నాకూ నిండింది. అక్కడ ఒక కుర్చీ కోసం ఒకరి పరువు ఒకరు తీశారు. ఇక్కడ అదే కుర్చీ తప్పించుకోవడానికి ఎవరి పరువు వాళ్ళే తీసుకుంటున్నారు. ఎవరికీ భారం కాకుండా బతకడం మన జాతి లక్షణమని ఒక చిన్న ముగింపు ప్రసంగం చేశాను. అది చేయకుండా ఉండాల్సింది.

చీటీలు పంచాం. ఇంటికొక ఓటు. పద్మిని ఒక్కొక్కటీ విప్పి చదవడం మొదలుపెట్టింది. మొదటి చీటీలో మురళీ గారు. రెండోదాంట్లో మురళన్న. మూడోదాంట్లో ఏడో అంతస్తాయన. నాకు మొహమాటంగా నవ్వొచ్చింది, ఎవరో సరదా చేస్తున్నారనుకున్నాను. ఇరవై ఆరు చీటీలు అలాగే వచ్చాయి. ఒకదాంట్లో ధనసుఖ్‌భాయ్ పేరుంది. మిగిలినదాంట్లో "ఎవరైనా సరే" అని ఉంది. అది నాది.

"నేను అభ్యర్థిని కాదు" అన్నాను.

"గదే గదన్నా మాకు నచ్చింది" అన్నాడు కమలాకర్. "ఎవ్వలనీ సూడకుంట టైముకు మైకు బందువెట్టినవ్. గిసొంటోడే గావాలె."

ఇద్దరు అభ్యర్థులూ డ్రమ్ముల వెనక నుంచి వచ్చి కావలించుకున్నారు. ముందు ఒకరినొకరు, తర్వాత నన్ను.

"నువ్వైనా వద్దని చెప్పొచ్చు కదా" అన్నాను పద్మినితో.

"ఏం చెప్పమంటారు? ఆదివారాలు ఖాళీగానే ఉంటారని అడిగినవాళ్ళందరికీ చెప్పాను."

ఆవిడ ఆ తర్వాత పైకి రాలేదు. లిఫ్టులో అయితేనే వస్తానని సుభాషిణి గారింట్లోనే ఉండిపోయింది. వంటా అప్పుడేనట. నిన్న సాయంత్రం నుంచి నేను మిగిలిన లోచో మీద ఉన్నాను.

ఇవాళ సోమవారం, సెలవు పెట్టాను. మెకానిక్ కింద కాగితం పట్టుకుని నిలబడ్డాడు. వాచ్‌మన్ రుమాలుతో సహా స్టాంపు నా చేతిలో పెట్టాడు. ఇది గుద్దితే గంటలో లిఫ్టు నడుస్తుంది, పద్మిని పైకొస్తుంది, నేను భోజనం చేస్తాను, మూడేళ్ళు ప్రెసిడెంటుగా ఉంటాను. గుద్దకపోతే స్వేచ్ఛగా మెట్లెక్కుతాను. ఇంకా గుద్దలేదు, అయినా భానుప్రకాశ్ గారు నీళ్ళు రావడం లేదని రెండుసార్లు ఫోను చేశారు. రెండోసారి కొంచెం కోపంగానే.

ఇటూ అటూ తేలక నాలుగో అంతస్తు మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. అయ్యా, అమ్మా, మీ అపార్ట్‌మెంట్లలో కూడా ఇలాంటివి జరిగే ఉంటాయి. స్టాంపు గుద్దనా, బార్డోలీ బస్సెక్కనా? దయచేసి ఏదో ఒక దారి చెప్పండి, మెకానిక్ పన్నెండింటికి వెళ్ళిపోతానంటున్నాడు. మీలాంటివాళ్ళు ముందుకు రావాలని మాత్రం అనకండి.