మగ్గం ఆగిన పూట

టీవీలో నిరోధ్ ప్రకటన రాగానే మా ఆయన మల్లేశానికి దగ్గు వస్తుంది. మామూలు దగ్గు కాదు, మా గద్వాల వీధి చివరిదాకా వినబడే దగ్గు. ప్రకటన అయిపోగానే ఏ మందూ లేకుండా తగ్గిపోతుంది. మా బిడ్డ తేజస్విని బుద్ధెరిగినప్పటి నుంచీ ఆ దగ్గు వింటూనే పెరిగింది. ఇప్పుడు ఇంటర్ చదువుతోంది.

ఆ మధ్య మా అత్త జములమ్మ ఒక కబురు మోసుకొచ్చింది. బస్టాండులో పిల్ల ఎవడో పోరనితో మాట్లాడుతుంటే పక్కింటి సుగుణమ్మ చూసిందట.

"రేపటిసంది కాలేజీ బంద్. ఇంట్ల కూసోని అంచు నేసుకుంటది," అని మా అత్త తీర్పు చెప్పేసింది.

ఏం జరిగిందని పిల్లను అడిగినవాళ్లు లేరు. నాకు ఒళ్లు మండింది.

"నీ బిడ్డను నువ్వే అడుగు," అన్నాను ఆయనతో.

"ఆడపిల్లను నేనేమడుగుత? తల్లివి, నువ్వడుగు."

"నేనడిగితే మీయమ్మ నమ్ముతదా? తల్లీబిడ్డలు ఒక్కటైన్రంటది."

పిల్లి మెడలో గంట కట్టే పని చివరికి ఆయన మీదే పడింది.

మర్నాడు పొద్దున తండ్రీబిడ్డలు మగ్గం ముందు పక్కపక్కన కూర్చున్నారు. మా చీర నూలు, అంచు పట్టు. పోగు పోగుకూ ఆ రెంటినీ ఒకదానితో ఒకటి మెలేసి కలపాలి. చీర ఆయన నేస్తుంటే, అంచు పోగు మోసే నాడె బిడ్డ తోస్తుంది. ఆ రోజు ఆయన మగ్గం ఎంత జోరుగా ఆడించాడంటే, తన మాట తనకే వినబడొద్దని మొక్కుకున్నాడేమో అనిపించింది.

"బిడ్డా..." అంటాడు, టకటకమంటూ నేస్తాడు. "అదే... కాలేజీల..." అంటాడు, మళ్లీ టకటక. నేను మూలన కండెలకు నూలు చుడుతూ పళ్లు కొరుక్కుంటున్నాను.

చివరికి తేజస్వినే నాడె ఆపింది. "నాయినా, అంచు సూడు."

జానెడు మేర అంచుకూ చీరకూ సంబంధమే లేదు. మధ్యలోంచి నా చెయ్యి దూరుతుంది. మెలెయ్యడం మరిచి, ఎవరి ఆలోచనలో వాళ్లు, ఎవరి నేత వాళ్లు నేసుకుంటూ పోయారు. తాతల నాటి నుంచి నేసే ఇంట్లో చేయాల్సిన తప్పేనా అది!

ఇక విప్పాల్సిందే. ఆయన పోగు లాగాలి, బిడ్డ పట్టుకోవాలి. మగ్గం చప్పుడు పోయింది. చాటుకు ఇంకేమీ మిగల్లేదు.

"ఆ పోరడు ఎవరు బిడ్డా?" అన్నాడు, పోగు వైపే చూస్తూ.

"సాయితేజ అని. నా ఎన్క తిరుగుతుండు. నాకిష్టం లేదు, రాకు అని చెప్పిన. సుగుణమ్మత్త సూసింది గదే."

"మాకెందుకు చెప్పలే?"

"ఎట్ల చెప్త నాయినా? గసొంటి మాటొస్తే నువ్వు దగ్గుతవ్ గదా."

ఆయన చేతిలో పోగు తెగింది.

"మొన్న కాలేజీకి డాక్టరమ్మ వచ్చింది. వయసు గురించి, రోగాల గురించి అన్నీ చెప్పింది. ఇంకేమన్న తెల్వకుంటే ఇంట్ల అడగమంది. అందరు నవ్విన్రు. నేను నవ్వలే. మనింట్ల ఎవర్ని అడగాలె నాయినా?"

కన్నతల్లిని, మూలనే కూర్చుని ఉన్నాను. ఆ ప్రశ్నకు జవాబుగా నా పేరు దానికి తోచలేదు.

ఆయన తెగిన పోగు ముడేశాడు.

"నన్నడుగు," అన్నాడు. "నాకు తెల్వకుంటే మీయమ్మనడుగుదం. ఆమెకు గూడ తెల్వకుంటే ముగ్గురం కల్సి డాక్టరమ్మ తానికి పోదం. రేపు కాలేజీకి పో." చెవులు ఎర్రబడ్డాయి గానీ మాట మాత్రం తడబడలేదు.

"అయితే ఒకటి అడుగుత," అని తేజస్విని గొంతు తగ్గించింది.

అప్పుడే గడప దగ్గర పీట ఈడ్చిన చప్పుడైంది. మా అత్త! అంతా విన్నట్టుంది. పీటతో సహా లోపలికి వచ్చి, మగ్గానికి ఆనుకుని కూర్చుంది. అయిపోయింది, ఇక లొల్లే అనుకున్నాను.

"జర గట్టిగ అడుగవే," అంది మనవరాలితో. "నా పెండ్లప్పుడు గివేవీ నాకెవ్వరు చెప్పలే. భయంతోనే సగం సచ్చిన."