నాలుగంచుల కోత

ఎనిమిది ఫొటోల షీటును కటింగ్ బల్ల మీద పరిచి, ఎడమ బొటనవేలితో అదిమిపట్టి, కుడిచేత్తో కత్తి పిడి కిందికి లాగింది. సన్నటి తెల్ల పోగు ఒకటి నేలరాలింది. షీటు తిప్పింది, మళ్లీ లాగింది. పైన, కింద, కుడి, ఎడమ. నాలుగు వైపులా తెల్ల అంచు సమానంగా ఉండాలి. ఒకవైపు వెంట్రుకవాసి ఎక్కువైనా మనిషి కుర్చీలోంచి పక్కకి జారుతున్నట్టు కనిపిస్తాడు. ముప్పై నాలుగేళ్లుగా ఆమె ఈ బల్ల దగ్గరే నిలబడి ఉంది. స్టూడియోకు వచ్చేవాళ్లకు ఆమె కటింగక్క.

యాభై ఎనిమిదేళ్ల మనిషి. సన్నటి ఒళ్లు. పిడి లాగి లాగి కుడి భుజం కాస్త కిందికి వాలిపోయింది. అదిమి పట్టే బొటనవేలు రేకులా అణిగిపోయింది. డార్క్‌రూమ్ ఉన్న రోజుల్లో వేళ్ల కొసలు ఎప్పుడూ గోధుమరంగులో ఉండేవి; అది మూతపడి, అక్కడ జిరాక్సు మిషను పెట్టాక రంగు మెల్లగా వదిలింది. మనసుకు పట్టిన మరక మాత్రం వదల్లేదు.

పదకొండింటికి పార్శిల్ వచ్చింది. చిన్నదే, అరచేయంత. మీద అన్నయ్య పేరు. పగలు ఇంట్లో ఎవరూ ఉండరని అన్నయ్య స్టూడియో అడ్రస్సే ఇచ్చాడు. సంతకం పెట్టి, విప్పకుండా బల్ల మీద పక్కన పెట్టింది.

అన్నయ్య బస్సు డ్రైవరుగా పనిచేసి రిటైరయ్యాడు. నాన్న పోయినప్పుడు ఆమెకు పన్నెండేళ్లు, అతనికి ఇరవై. చదివించింది అతనే, ఈ స్టూడియోలో పెట్టించిందీ అతనే. అతనికున్న ఒకే ఒక్క పిచ్చి ఫుట్‌బాల్ కార్డులు. బబుల్‌గమ్ పొట్లాల్లో వచ్చే అట్టముక్కలు, ముందు ఆటగాడి బొమ్మ, వెనక అతను కొట్టిన గోల్స్ లెక్క. వాటిల్లో ఒక గోల్‌కీపరు కార్డంటే అన్నయ్యకు ప్రాణం. గాల్లో అడ్డంగా పడుకుని రెండు చేతులా బంతిని హత్తుకున్న బక్కపలచని కుర్రాడు. ఒక్క సీజనే ఆడి, మోకాలు విరిగి మానేశాడట. అందుకే ఆ కార్డు ఎవరి దగ్గరా లేదు.

ఆదివారాలు డిపో క్యాంటీన్ మేడమీద అయిదారుగురు చేరేవారు. 'నీ సెంటర్ ఫార్వర్డ్ ఇవ్వు, నా ఇద్దరు డిఫెండర్లను తీసుకో' అంటూ సంబంధం కుదుర్చుకుంటున్నంత సీరియస్‌గా బేరాలు. టీ మరకల వేళ్లతోనే కార్డులు చేతులు మారేవి. అది ఒక కాలం. ఎక్కడో వేలంపాటలో ఒక కార్డు ఇల్లు కొనేంత ధరకు పోయిందని పేపర్లో పడింది. అంతే, ఆ మేడమీద గాలే మారిపోయింది. కార్డులన్నీ గట్టి ప్లాస్టిక్ పెట్టెల్లోకి దూరాయి. ఎవరిది ఎవరూ ముట్టుకోకూడదు. ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి వేలంవాళ్లు దేనికైనా పదికి ఇన్నని మార్కులు వేస్తారు. రిఫరీ అని అందరూ పిలిచే డ్రిల్లు మాస్టారు, ఇరవై ఏళ్ల కిందట మార్చుకున్న కార్డులో తనకు అన్యాయం జరిగిందని ఇప్పుడు కనిపెట్టి, ప్రాణస్నేహితుడితో మాటలు మానేశాడు. డబ్బు చేసే పనులు ఇలాగే ఉంటాయి మరి.

నెలన్నర కిందట భోజనాల దగ్గర అన్నయ్య యథాలాపంగా అన్నాడు, గోల్‌కీపరును వేలానికి పంపుతున్నానని. వాళ్లు కార్డు అంచుల్ని భూతద్దం పెట్టి చూస్తారట, ఎవరైనా కోస్తే ఇట్టే పట్టేస్తారట. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఆమె చప్పున లేచి మంచినీళ్లకు వెళ్లింది.

కోసింది ఆమే. పనిలో చేరిన నాలుగో ఏడు, తోటివాళ్లకు చూపిద్దామని అన్నయ్యకు చెప్పకుండా ఆ కార్డు స్టూడియోకు తెచ్చింది. డార్క్‌రూమ్‌లో ట్రే ఒలికి, ఫొటోలు కడిగే మందు చుక్కలు కార్డు కుడి అంచున పడ్డాయి. తుడిస్తే ఇంకా పాకింది. ఏడుస్తూనే బల్ల మీద పెట్టి మరకంత మేర కోసేసింది. ఒకవైపే కోస్తే బొమ్మ పక్కకి జరిగినట్టుంది. అలవాటైన చేయి, నాలుగు వైపులా సమానంగా లాగేసింది. సాయంత్రానికల్లా కార్డును దాని చోట పెట్టేసింది. ఆ తర్వాత దాన్ని మళ్లీ ముట్టుకోలేదు. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూ ముప్పై ఏళ్లు గడిపింది. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకుంది.

పోయేది డబ్బని కాదు ఆమె భయం. "మా చెల్లి చేయి పడితే వంకరది కూడా తిన్నగా అవుతుంది" అని ఊరంతా చెప్పుకుని తిరిగే మనిషి అన్నయ్య. ఇక ఆ మాట అనడు. అదీ ఆమె భయం.

మధ్యాహ్నం పని పలచగానే ఉంది. ఒక పెళ్లికొడుకు మీసం ఉన్న ఫొటో, మీసం లేని ఫొటో రెండూ తీయించుకుని, ఏది పంపాలని ఆమెనే అడిగాడు. "ఏ మొహంతో బతకాలనుకుంటున్నావో అది పంపు బాబూ" అంది. పార్శిల్ ఆమె మోచేతి పక్కనే ఉంది. ఒక షీటు వంకరగా కోసి, పారేసి, మళ్లీ ప్రింటు వేయించింది.

నాలుగింటికి అన్నయ్య వచ్చాడు. వెడల్పాటి వీపుతో స్టూలు మీద కూలబడి టీ తాగాడు. గ్లాసు పక్కన పెట్టి, పార్శిల్ టేపు కోయమని ఆమెకే ఇచ్చాడు. కోసింది. లోపల ప్లాస్టిక్ పెట్టెలో గోల్‌కీపరు. పైన ఎర్రటి చీటీ: 'అంచులు కత్తిరించిన కార్డు. మార్కులు లేవు.' వేలానికి పనికిరాదని ఇంకో కాగితం.

"అది కోసింది నేనే అన్నయ్యా," అంది. అన్నాక ఇక మాటలు ఆగలేదు. మందు ఒలకడం, మరక, నాలుగు వైపులా కోయడం, అన్నీ చెప్పేసింది.

అన్నయ్య పెట్టెను వెనక్కి తిప్పాడు. "నాకు తెలుసే చిట్టీ. ఈ మూల నంబరు చూడు. నలభై ఏడు. ఏడుకి తోకేదీ? నువ్వు కోసినరోజు సాయంత్రమే చూశా."

ఆమె కళ్లజోడు సవరించుకుని చూసింది. నిజమే. ఏడు సగానికి తెగి ఉంది. వెనకవైపు ఉంటుందని ఆ రోజు తోచనే లేదు. ఫొటోకి వెనక ఏముంటుంది, తెల్ల కాగితం తప్ప?

"ఫొటోలు కోసేదానివి, వెనక్కి తిప్పాలని నీకెందుకు తోస్తుందిలే," అన్నాడు.

"మరి తెలిసీ ఎందుకు పంపావు?"

"వీళ్ల పోరు పడలేక. పంపు పంపు అని రిఫరీ ఒక పక్క, మా అబ్బాయి ఒక పక్క. నాకేమో అమ్మాలని లేదు. లేదంటే వింటారా? ఇప్పుడు చీటీ అంటించి మరీ చెప్పారు, పనికిరాదని. ఇక ఎవడి నోరూ లేవదు."

"నాకో మాట చెప్పి పంపొచ్చుగా. ఆరు వారాలుగా కంటిమీద కునుకు లేదు నాకు."

"నువ్వు ముప్పై ఏళ్లు చెప్పలేదు. నేను ఆరు వారాలు చెప్పలేదు. నాకే బాకీ ఉన్నావింకా."

ఆమెకు నవ్వొచ్చింది, ఆ వెంటే ఏడుపూ వచ్చింది. కొంగుతో మొహం తుడుచుకుంది. గుండెల మీది బండ దిగిపోయింది, ఒళ్లే తేలికైనట్టుంది. ట్రైపాడు బిగించే స్క్రూడ్రైవరు తెచ్చి పెట్టె అతుకులో దూర్చి తిప్పింది. టప్పుమని విడిపోయింది. అన్నయ్య కార్డు తీసి వాసన చూసి, ఆమె అరచేతిలో పెట్టాడు.

ఆ ఆదివారం కార్డు మేడమీద చేతులు మారింది. మార్కుల్లేని కార్డు కదా, ఎవరైనా ముట్టుకోవచ్చు. రిఫరీ, అతనితో మాటల్లేని స్నేహితుడు ఇద్దరూ దానిమీదికే ఒంగారని, తలలు ఢీకొన్నాయని అన్నయ్య ఫోన్లో చెప్పి చాలాసేపు నవ్వాడు.

మూడు నెలలకు, ఒక మధ్యాహ్నం కుర్చీలో కునుకు తీస్తూ అన్నయ్య పోయాడు. ఏ బాధా పడలేదు. చెప్పకుండా ఉండిపోయి ఉంటే ఏమయ్యేదో అనుకుంది ఆమె. చెప్పింది కాబట్టి బతికిపోయింది. అన్నయ్యను శ్మశానానికి తీసుకెళ్లబోయే ముందు ఆమె మేనల్లుణ్ని పక్కకు పిలిచి, గోల్‌కీపరు కార్డు అడిగింది. మిగతావి వేలానికి పంపాలని అతను అప్పటికే ఒక పెట్టెలో సర్దించాడు.

"అదా అత్తయ్యా? అది పనికిరాదన్నారుగా. తీసుకో," అన్నాడు.

ఎవరూ అడ్డు చెప్పలేదు. కార్డును ఒకసారి వెనక్కి తిప్పి చూసుకుని, అన్నయ్య చొక్కా జేబులో పెట్టి బొత్తాము వేసింది.

స్టూడియోలో కటింగ్ బల్ల చివర, పగిలిన ఆ ప్లాస్టిక్ పెట్టె ఇప్పటికీ ఎర్ర చీటీతో ఖాళీగా పడి ఉంది. కాగితపు పోగులు దాంట్లోకి రాలుతూ ఉంటాయి.