ముందు వెతికే ఉయ్యాల

నూకరాజు దొంగగానే పుట్టాడని కొల్లేటి లంకలో అందరూ నమ్మేశారు. సందేహమల్లా నర్సు సలోమికే. ఆవిడకి సందేహమంటూ వస్తే అది తేలేదాకా అన్నం సయించదు.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన ఏడాది అది. వలలు దొంగిలించి నూకరాజు ఏలూరు జైల్లో ఉన్నాడు. ఇంటి దగ్గర పెళ్ళాం గంగారత్నానికి నెలలు నిండాయి. పురుడు పొయ్యడానికి తాటిదోనెలో వచ్చిన సలోమిని ఆ పిల్ల ఒక్కటే అడిగింది.

"దొంగబుద్ధి కడుపులోనే అబ్బుద్దాండీ?"

"ఎవరన్నారు?"

"లంకంతా అంటారండి. మా అత్త ఈయన్ని మోసేటప్పుడు, ఊరోళ్లు నీళ్లలో పెట్టుకున్న మావుబుట్టల్లోంచి చేపలు తీసుకుని తినేసిందంటండి."

అత్త నూకరత్నం ఏమీ దాచలేదు.

"తుపానుకి మా ఆయన పోయాడండి. ఆకలికి తాళలేక తీశాను. పెద్దలు పట్టుకున్నారు. అప్పట్నించీ లంకలో సూది పోయినా ముందు మా ఇంటికే వచ్చేవారండి. ఉయ్యాల్లోంచి వీణ్ణెత్తి పొత్తిగుడ్డలు దులిపేవారు. మాటలు రాకముందే గుప్పిళ్లు తెరిచి చూపించడం నేర్చేసుకున్నాడండి."

సలోమికి ఒళ్లు మండింది. నీళ్లోసుకున్న మనిషికి పిడికెడు మెతుకులు పెట్టలేకపోయారు గానీ, ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆ కడుపుని తప్పుపట్టారు. అయినా సందేహం తీరలేదు. నూకరాజుని చెడగొట్టింది కడుపులో పడ్డ ఆకలా, ఉయ్యాల్లో జరిగిన సోదాలా, లేక రెండూనా?

మధ్యాహ్నానికి మగపిల్లవాడు పుట్టాడు. సామాను సర్దుకుంటుంటే కత్తెర కనబడలేదు. సలోమి సంచీలో చూసింది, చాప ఎత్తి చూసింది. ఆ తర్వాత, ఎందుకో తనకే తెలియకుండా, ఉయ్యాల వైపు చూసింది.

నూకరత్నం ఆ చూపు పట్టేసింది. ఎవరూ అడక్కుండానే మనవణ్ణి ఎత్తి, పొత్తిగుడ్డ దులపబోయింది.

"చూసుకోండమ్మగారూ" అంది, మామూలుగా.

పచ్చి బాలింత గంగారత్నం లేచి కూర్చుని అత్త చెయ్యి పట్టుకుంది.

"వద్దత్తా. వీణ్ణి ఎవరూ వెతకద్దు."

సలోమి సిగ్గుతో తల దించుకుంది. కత్తెర పొయ్యిమీద గిన్నెలోనే ఉంది. వాడాక మళ్లీ మరిగిద్దామని వేసింది తనే.

పిల్లవాడు గుప్పిళ్లు బిగించుకుని నిద్రపోతున్నాడు. వాటిని తెరిచి చూపించమని వాడికి ఆ ఇంట్లో ఇక ఎవరూ నేర్పరు, గంగారత్నం ఉండగా.