దడిలో కంత

డప్పు కొట్టే మనిషి తెలంగాణ కోసం జరిగే సకల జనుల సమ్మెకు మద్దతుగా రోడ్డు మీద వంటావార్పులో ఉన్నాడు. అందుకని ఆ ఏడు పెద్దవంగరలో పంచాయతీ హుకుం చాటింపు లేకుండానే ఇల్లిల్లూ తిరిగింది. పంచాయతీ లెక్కలు రాసే కారోబారు బిక్షపతి తనే కాగితం పట్టుకుని లతీఫా బేగం వాకిట్లోకి వచ్చాడు.

"అందరు సమ్మెల ఉంటే నువ్వేంది, కాగితాలు పట్టుకొని తిరుగుతున్నవ్?"

"పందులు, దోమలు తెచ్చే జ్వరాలు సమ్మె చేస్తలేవక్కా. ఇగో, చదివిచ్చుకో."

కోడలు బుష్రా చదివింది. పెరట్లో పొదలు కొట్టెయ్యాలి. దడి ఛాతీ ఎత్తు మించకూడదు. కొమ్మ బాట మీదికి రాకూడదు. దడిలో పంది దూరే కంత ఉండకూడదు. మూడు రోజుల్లో చెయ్యకపోతే పంచాయతీ వాళ్లే దడి మొత్తం పీకి, రాతి కడీలు పాతి ముళ్లతీగ కొడతారు.

"ఎత్తు కోయిస్త, కొమ్మలు కొట్టిస్త. కంత మాత్రం ఉండనియ్," అంది లతీఫా బేగం.

"ఊరందరి కంతలు మూసి నీ ఒక్క కంత ఇడిచిపెడితే, పందులకు నేనే దావత్ ఇచ్చిన్నంటరక్కా."

"ఆయన అన్నదాంట్ల తప్పేముంది అమ్మీ?" అంది బుష్రా. "మొన్న ఆ కంతలకెల్లే పంది నా బిడ్డ పండిన తొట్టెల దాక వచ్చింది. నేను చూసిన కాబట్టి సరిపోయింది."

లతీఫా బేగం దడి వైపు తిరిగింది. మైదాకు దడి, గోరింట పొదలన్నీ అల్లుకుపోయి, నాలుగు దిక్కులా మనిషెత్తు పెరిగి నల్లగా కమ్ముకుని ఉంది. పడమటి మూల మాత్రం ఒక మనిషి వంగి దూరేంత సందు. పెళ్లయ్యాక కూడా ఈ పుట్టింట్లోనే ఉండి, నలభై రెండేళ్లుగా అక్కడికి రాబోయిన ప్రతి రెమ్మనూ ఆమె చేత్తోనే తుంచేసింది. అది ఆమె అన్న ఆమెర్ దారి. బడి ఎగ్గొట్టినా, బాపు కన్నుగప్పి ఊరేగింపు జులూసుకు పోయినా, వాడు తిరిగొచ్చేది దాంట్లోంచే.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న అరవై తొమ్మిదిలో ఒక పొద్దున మేకలొచ్చి కూరమడి మేసిపోయాయి. "జర ఆ కంతల కంప పెట్టు బిడ్డా," అంది అమ్మ. పదేళ్ల లతీఫా తుమ్మకంప ఈడ్చుకొచ్చి, మేక మూతి కూడా పట్టకుండా కూరింది. పని బాగా చేశానని మురిసిపోయింది కూడా. మధ్యాహ్నం పోలీసులు తరుముతుంటే ఆమెర్ ఉరికొచ్చి, వంగి, తల దూర్చాడు. కంపలో అంగీ చిక్కుకుంది. "తియ్యి లతీఫా, జర తియ్యి," అన్నాడు. ఆమె ఇవతలి నుంచి లాగుతూనే ఉంది. అవతలి నుంచి కాళ్లు పట్టి ఈడ్చుకుపోయారు. మూడో రోజు బండిలో వేసి, మీద బట్ట కప్పి తెచ్చారు. కంప పెట్టమన్న సంగతి అమ్మ చచ్చేదాకా ఎత్తలేదు. పెట్టిన సంగతి ఈమె ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

మర్నాడు తండా నుంచి కూలి మనిషి హీర్యా గొడ్డలి, కొడవలి తెచ్చుకుని వచ్చాడు. మధ్యాహ్నానికి మూడు దిక్కుల దడి ఛాతీ ఎత్తుకు దిగింది. తరువాత బుష్రా చెప్పినట్టు అతను కంప ఈడ్చుకుని పడమటి మూలకు పోయాడు. ఒకసారి పెట్టాడు. రెండోసారి పెట్టాడు. మూడోసారి కంప కింద పడేసి వెనక్కి వచ్చి నిలబడ్డాడు.

"అవ్వా, అటు దిక్కు ఎవరో ఉన్నరు."

"కుక్కేమో చూడరాదా," అంది బుష్రా.

"చూసొచ్చిన. బాట మీద పురుగు లేదు. కాని ఉరికొచ్చినోని లెక్క రొప్పుతున్నరు. నేను కంప నూకుతుంటే అటు నుంచి నూకుతున్నరు. నేను తాగలేదమ్మా, సమ్మెల కల్లు కూడ దొరుకుతలేదు."

ఎవరని లతీఫా బేగం అడగలేదు. అడగకపోవడమే బుష్రాకు వింతగా తోచింది. అత్త మొహం చూసి, పిల్లను చంకనేసుకుని దగ్గరికొచ్చింది.

"ఎవరు అమ్మీ?"

"మా అన్న." లతీఫా బేగం కంత వైపే చూస్తూ చెప్పింది. "ఆ దినం కంప పెట్టింది నేనే. గిప్పుడు మల్ల నేనే పెట్టియ్యమంటే ఎట్ల పెట్టిస్త?"

హీర్యా తలపాగా విప్పి మొహం తుడుచుకున్నాడు. బుష్రా లోపలికి పోయి కాగితం మళ్లీ తెచ్చి, వేలు పెట్టి మెల్లగా చదివింది.

"కంత ఉండొద్దన్నరు. తలుపు ఉండొద్దనలే."

హీర్యా పడమటి దిక్కు దడీ దించి, వెదురు బద్దలతో పొద్దుగూకే లోపల తడక అల్లాడు. గుంజ పాతి, దాన్ని కట్టి, తాడు ముడి ఇవతలికి వేయబోయాడు.

"అటు దిక్కు వెయ్యి," అంది లతీఫా బేగం.

"తడక ముడి బయట ఏస్తరా ఎవలన్న? దొంగకు పిలిచి తాళంచెయ్యి ఇచ్చినట్టయితది."

"విప్పుకోవాల్సినోడు అటు దిక్కే ఉన్నడు గదా."

హీర్యా అటు పోయి ముడి వేశాడు. కూలి కింద బియ్యం పోయించుకుని, మూల వైపు చూడకుండా వెళ్లిపోయాడు. మూడో రోజు బిక్షపతి వచ్చి తడక ఊపి చూసి, "పంది రాదు, చాలు," అని కాగితం మీద టిక్కు పెట్టుకున్నాడు.

ఆ మధ్యాహ్నం బుష్రా పిల్లనెత్తుకుని పక్కింటికి పోయింది. ఇంట్లో ఎవరూ లేరు. లతీఫా బేగం పెరట్లో కూచుని, కోసిపడేసిన మైదాకు రెమ్మల నుంచి ఆకు దూస్తోంది. రొప్పు వినబడింది. తాడు ముడి వదులైన చప్పుడైంది. తడక మెల్లగా లోపలికి తెరుచుకుంది. గాలి లేదు. ఆమె ఒళ్లో ఆకును కొంగులోకి తీసుకుని, దారి విడిచి పక్కకు జరిగింది. వేడి ఊపిరి ఒకటి మోచేతి మీదుగా దాటిపోయింది.

కాసేపటికి ఇంట్లో కుండ మీది మూత తీసిన చప్పుడు వచ్చింది. తరువాత గటగటా నీళ్లు తాగుతున్న చప్పుడు. అంత దూరం ఉరికొచ్చిన వాడికి ఒక్క చెంబు సరిపోదు. రెండోది ముంచుకున్నాడు.

ఆమె లోపలికి పోలేదు. లేచి, తడక దగ్గరికి పోయి, తెరిచిన సందుకు అడ్డంగా కూచుంది. తరుముకొచ్చే వాళ్లు ఇంకా వెనకే ఉండి ఉంటారు.