మరళుగాడు

పిళ్ళప్ప జీపు కింద వెల్లకిలా పడుకుని ముందు ఇరుసుకు గ్రీజు పెడుతున్నాడు. ముందు చక్రాలకు కూడా ఇంజను బలం అందించే చిన్న మీట ఒకటి ఆ జీపులో ఉంది. తారురోడ్డు మీద దానితో పనిలేక ఏళ్ల తరబడి బిగుసుకుపోయింది. పొద్దుటినుంచి కిరసనాయిలు పోసి, చెక్కతో తట్టి, మారాం చేసే బిడ్డను బుజ్జగించినట్టు దాన్ని కదిలిస్తూనే ఉన్నాడు.

భార్య అక్కయమ్మ దారికోసం రాగిపిండి వేయిస్తూ లోపలినుంచే అడిగింది.

"కన్నడం కాయిదంలో ఏమో రాసిండారంటనే, యా ఊరది?"

"ఊరు కాదే. మరళుగాడు."

"వాడెవుడు?"

జీపు కిందినుంచి నవ్వు వినిపించింది. "మనిషి కాదే! మరళంటే ఇసక, కాడంటే అడివి. యాడ చూసినా ఇసకేనంట. రాజస్థానంలో మిడతల దండు దిగుండాది. మందు కొట్టేవాళ్లకి జీపులు కావాలంట."

"మరళేదంటే తిరిగొచ్చేది గూడా కదా," అంది అక్కయమ్మ. గరిటెతో పిండి కలుపుతూనే ఉంది. కన్నడంలో ఆ మాటకు రెండో అర్థం ఉండడం ఆమెకు ఆ పూటకు చాలినంత ధైర్యమిచ్చింది.

పిళ్ళప్ప వ్యవసాయ శాఖ డ్రైవరు. వచ్చే ఏడు రిటైరవుతాడు. ఎండ తగిలే చెయ్యి నల్లగా, రెండోది చామనఛాయగా, ఇద్దరు మనుషులవి తెచ్చి అతికించినట్టు ఉంటాయి. ఇన్నేళ్లూ బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్ళాపురం. విత్తనాల మూటలు దింపడం, ఆఫీసర్లను దింపడం, దీపాలవేళకు ఇల్లు చేరడం. గానుగెద్దు కూడా ఆ మాత్రం తిరుగుతుంది. సాయంత్రానికి ఇంటికి మళ్లని దారిలో ఒక్కసారైనా పోవాలని అతని పట్టు.

చిక్కబళ్ళాపురం నుంచి వచ్చిన కుర్ర ఆఫీసరు వెంకటరాయప్ప ఒకే పరీక్ష పెట్టాడు. జీపు చిత్రావతి ఏటి ఇసుకను దాటి తిరిగి రావాలి. ఎవరైనా లాగాల్సి వస్తే, దీని బదులు చింతామణిలోని కొత్త జీపు రాజస్థానానికి పోతుంది, దాని డ్రైవరు పోతాడు.

మధ్యాహ్నం ఏటిలోకి దిగారు. నడిమధ్యలో రోడ్డు అలవాటు కొద్దీ పిళ్ళప్ప గేరు మార్చబోయాడు. ఆ క్షణం వేగం తగ్గింది. చక్రాలు ఇరుసుదాకా కూరుకుపోయాయి.

ఇసుక తోలుకుంటున్న ఆదెప్ప బండి ఆపి చూశాడు. "ఏమప్పా పిళ్ళప్పా, బండి ఈనేదానికి పండుకొనుండాదా? ఎద్దుల్ని కట్టల్నా?"

"ముట్టుకోవద్దు! నీ ఎద్దులు ముట్టుకుంటే నా పని అయిపోయినట్టే."

వెంకటరాయప్ప ప్యాంటు మోకాళ్లదాకా మడిచి, చక్రం దగ్గర గొంతుకూర్చుని, రెండు చేతులతో ఇసుక తోడడం మొదలుపెట్టాడు.

"లాగితేనే లెక్క, పిళ్ళప్పా. తవ్వేది లెక్కలోకి రాదు."

పిళ్ళప్ప ఆ చేతుల వైపు ఒకసారి చూశాడు. యుద్ధానికి పోయొచ్చిన డ్రైవర్లు ఎప్పుడో చెప్పిన మాట గుర్తుచేసుకుని, మేకుతో వాల్వులు నొక్కి నాలుగు టైర్లలోనూ కొంత గాలి వదిలాడు. అరచేత్తో అదిమిన సంగటి ముద్దలా టైర్లు పక్కలకు పరుచుకున్నాయి. ఎక్కి కూర్చుని లాగితే, పొద్దున బుజ్జగించిన మీట కటక్కుమని పడింది. ముందు చక్రాలు ఇసుకను పట్టుకున్నాయి.

"నిలపొద్దు!" ఆదెప్ప ఎగతాళి మరిచి అరిచాడు. "ఇసకలో నిలిచినోణ్ణి ఇసకే తింటాది! పోనీ, పోనీ!"

పిళ్ళప్ప నిలపలేదు. అవతలి గట్టు చేరి, చుట్టు తిరిగి, అదే ఊపున వెనక్కి వచ్చాడు.

"సాయంత్రమే బయలుదేరు. బెంగళూరులో జీపునీ నిన్నూ రైలెక్కిస్తారు," అన్నాడు వెంకటరాయప్ప, చేతుల ఇసుక దులుపుకుంటూ.

ఇంటికొచ్చి, టైర్లకు గాలి కొట్టి, నీళ్ల డ్రమ్ములు ఎక్కిస్తే చోటు చాలలేదు. వెనకసీటు విప్పి అరుగుమీద పెట్టాడు. ఒకసారి చాకవేలు ఊరినుంచి పురిటినొప్పులు పడుతున్న ఆడమనిషిని ఆస్పత్రికి తెచ్చింది ఆ సీటులోనే. అక్కయమ్మ మాత్రం ఒక్కనాడూ అందులో కూర్చోలేదు. సర్కారు బండి సొంతానికి కాదని పిళ్ళప్ప నియమం. ఆమె ఎప్పుడూ అడగనూ లేదు.

పిండి మూట అందుకుని, "పోయొస్తా," అన్నాడు.

"ఊఁ. వేళకి తిను."

జీపు మలుపు తిరిగింది. దాని మోత సన్నబడి, సంతనుంచి వచ్చే బండ్ల చప్పుడులో కలిసిపోయింది. అక్కయమ్మ చుట్టూ చూసి, కొంగుతో ఒకసారి తుడిచి, సీటు అంచున కూర్చుంది. స్ప్రింగు కిర్రుమంది. మెల్లగా వెనక్కి జరిగి ఆనుకుంది. చీకటి పడబోతుంటే దీపం పెట్టడానికి లేచి లోపలికి పోయింది.

అరుగుమీద ఆ ఆకుపచ్చ సీటు, ఆమె కూర్చున్న చోట చిన్న గుంటతో, రోడ్డు వైపు తిరిగి ఉంది.